దస్తూరి జమాల్

బల్ల కుడి ముందుకాలు కింద రెండు పెంకుముక్కలు పెట్టి, అరచేత్తో నొక్కి చూశాడు జమాల్. ఇంకా ఊగుతోంది. సంచిలోంచి మూడో ముక్క తీసి, ఒంగి, మోకాలి నొప్పిని తిట్టుకుంటూ దాన్నీ దూర్చాడు. ఇప్పుడు కదల్లేదు. నర్సింహులపేట మండలాఫీసుకు ఎదురుగా, వెంకట్రాం పటేల్ కట్టించిన ఐదు దుకాణపు మల్గీల వరండాలో, ముప్పై ఏళ్లుగా రోజూ పొద్దున తొమ్మిదింటికి జరిగే తంతు ఇది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆ మూడు ముక్కల్నీ మళ్లీ సంచిలో వేసుకుంటాడు. వడ్లాయనకు చెప్తే అరగంటలో కాలు బాగు చేస్తాడు గదా అని పక్కన చాయ్ కొట్టు నడిపే కొమురమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. చేయిద్దాం, చేయిద్దాం అంటాడు. జమాల్ జీవితంలో సగం పనులు ఆ 'చేయిద్దాం'లోనే ఉండిపోయాయి.

బల్ల కుదిరాక మిగతావి వరసగా బయటికొచ్చాయి. తెల్లకాగితాలు, వేలిముద్రల కోసం ఊదారంగు స్టాంపు ప్యాడు, కాగితాలు ఎగరకుండా ఆకేరు వాగులో ఏరుకున్న నల్లరాయి, ఆఖరున జేబులోంచి సిరా పెన్ను. అరవై ఆరేళ్ల మనిషి. పలచటి గడ్డానికి గోరింటాకు ఎరుపు, చెవులకు నల్లదారంతో కట్టుకున్న కళ్లద్దాలు, కుడిచేతి నడిమివేలి మొదటి కణుపు దగ్గర సిరా ఇంకి గట్టిపడిన కాయ. సర్కారు తనకిచ్చిన బిరుదు అదొక్కటే అని నవ్వుతాడు. చేతిరాత మాత్రం అలాంటిలాంటిది కాదు. కొత్త తహశీల్దారు ఎవరొచ్చినా మొదటి వారంలోనే "ఈ దరఖాస్తు రాసిందెవరు?" అని తలెత్తి అడగవలసిందే.

ఇప్పుడు అంతా కంప్యూటర్లలోకి పోయింది. అయినా జమాల్ బల్ల పూర్తిగా ఖాళీ కాలేదు. కంప్యూటరు గళ్లలో పట్టని మనుషులు కొందరు మిగిలిపోతారు. పేరు ఒకచోట ఒకరకంగా, ఇంకోచోట ఇంకోరకంగా ఉన్నవాళ్లు, బతికుండగానే జాబితాలో చచ్చిపోయినవాళ్లు, మొగుడు ఎటుపోయాడో తెలియనివాళ్లు. వాళ్లంతా ఆఖరికి ఈ వరండాకే వస్తారు. వాళ్లకోసం రాసిన ప్రతి కాగితం అడుగున, సాక్షుల సంతకాల కింద, రాసినవాడి వరస ఒకటుంటుంది. 'దస్తూరి: మహమ్మద్ జమాల్.' ఊరందరికీ అతను దస్తూరి జమాల్ అయింది అందుకే.

ఆ వరస దాటి పైకి అతని పేరు ఏనాడూ ఎక్కలేదు. పని నేర్పిన ఉస్తాదు పెట్టిన షరతు అది. రాసేవాడు సాక్షి సంతకం చేయకూడదు. చేస్తే ఒక పక్షం మనిషైపోతాడు, రెండో పక్షం మళ్లీ గడప తొక్కదు. పొలం గెట్టు తగాదాలో అన్న దరఖాస్తు, తమ్ముడి దరఖాస్తు ఒకే రోజు ఒకే పెన్నుతో రాసి, ఇద్దరి దగ్గరా చాయ్ తాగినవాడు జమాల్. ఆ పేరు వల్లే పటేల్ కూడా వరండాలో కూర్చున్నందుకు అతన్ని ఒక్క రూపాయి అడగలేదు. ఇది నిజాయితీయో, ఎవరి జోలికీ పోని పిరికితనమో జమాల్ ఎన్నడూ తేల్చుకోలేదు. తేల్చుకోవలసిన అవసరమూ రాలేదు.

పదింటికి సింధూజ వచ్చింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. బస్టాండు దగ్గర దామోదర్ మందుల షాపులో పనిచేస్తూ, కొమురమ్మ ఇంటి వెనక గదిలో అద్దెకుంటోంది. వెంకట్రాం పటేల్‌కు ఒక్కగానొక్క కూతురు. తల్లి సునంద పోయిన ఏడాదిలోపే తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుంటే, ఒక సూట్‌కేసు పట్టుకుని ఊరి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచొచ్చేసింది. రెండేళ్లయింది. "వచ్చి నన్ను అడగమను, ఎంతైనా సదివిస్త" అని పటేల్ నలుగురిలో అన్నాడు. ఆమె అడగలేదు. ఆయన పిలవలేదు. తండ్రీకూతుళ్లది ఒకటే ముక్కు, ఒకటే మంకుపట్టు.

ఇప్పుడు ఆమెకు జనగామలో నర్సింగ్ సీటొచ్చింది. సర్కారు ఫీజు సాయం అందితే తప్ప చేరలేదు. ఆ సాయానికి ఆదాయ పత్రం కావాలి. కంప్యూటరులో ఆమె పేరు కొట్టగానే వెనకాలే తండ్రి పేరు, తండ్రి వెనకాలే పద్నాలుగెకరాలూ ఐదు మల్గీలూ వచ్చి నిలబడుతున్నాయి. కాగితం మీద ఆమె కలిగినింటి బిడ్డ. బయట చూస్తే నెలజీతంతో నెట్టుకొచ్చే షాపు పిల్ల. తండ్రికి దూరంగా, తన కష్టం మీదే బతుకుతోందని ఊళ్లో ఐదుగురు పంచనామా మీద సంతకం పెడితే, రెవెన్యూ గిర్దావరు విచారించి పంపితే, తహశీల్దారు ఆమె పేరు మీదే పత్రం ఇస్తాడు. సాయానికి దరఖాస్తు పెట్టుకునే ఆఖరి తారీకు రేపు.

పంచనామా నిన్ననే రాసిపెట్టాడు జమాల్. నాలుగు గుర్తులు పడ్డాయి. దామోదర్, కొమురమ్మ వేలిముద్ర, టైలర్ కైసర్, కైసర్ తమ్ముడు. ఐదోది ఎరువుల కొట్టు కరుణాకర్ పెడతానన్నాడు.

"కరుణాకరన్న ఫోన్ బంద్ వస్తున్నది చాచా," అంది సింధూజ. "ఇంటికి పోయిన. వరంగల్ పోయిండట. ఎప్పుడొస్తడో తెల్వదట."

జమాల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కరుణాకర్ పొద్దున్నే ఇంటి వెనక జామచెట్టు కింద పళ్లు తోముకుంటూ కనబడ్డాడు. ఆ మాట ఈ పిల్లకు చెప్పి ఏం లాభం అనుకున్నాడు.

"గిర్దావర్ సారు రెండింటికొస్తడు. నాలుగింటికి మానుకోట మీటింగుకు పోతడు. గప్పటిదాక టైమున్నది గదా బిడ్డా. ఇంకొకలను చూద్దాం."

కొమురమ్మ కొట్టును మనవరాలికి అప్పగించి బయల్దేరింది. గంటన్నర తిరిగింది. ఒకాయన కళ్లద్దాలు బిడ్డ ఇంట్లో మరిచిపోయాడట. ఒకామెకు పొద్దుటినుంచి చెయ్యి గుంజుతోంది. ఇంకొకాయన మనసు నిండా పెట్టాలనే ఉందట గానీ, పటేల్ దగ్గర కౌలుకు చేస్తున్నాడు. కొమురమ్మ తిరిగొచ్చి అరుగు మీద కూలబడి చెమట తుడుచుకుంది.

"పొల్ల మంచిదేనని అందరంటుండ్రు. సంతకం మాత్రం ఎవడు పెట్టడు. ఈ ఊళ్లె మంచితనం నోట్లనే ఉన్నది జమాలన్నా, చేతిలకు దిగలే," అంది.

సింధూజ దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. షాపులో పన్నెండింటికి ఉండాలని చెప్పి వెళ్లిపోయింది. నడకలో తొందర లేదు. ఆశ వదులుకున్న మనిషి నడక అలాగే ఉంటుంది. ఆ నడక జమాల్‌కు బాగా తెలుసు. అది చూసి పద్నాలుగేళ్లయింది.

ఒంటిగంటకు టిఫిన్ డబ్బా మూత తీసేసరికి భూపాలపల్లి నుంచి కూతురు ఫోన్. అల్ఫియా ఈ వేళకే చేస్తుంది. తల్లి లతీఫా బేగం పోయిన నాలుగేళ్ల నుంచి తండ్రి తిన్నాడో లేదో అడగడం ఆమెకు ఒక నమాజులాంటిది.

"ఏం కూర అబ్బా?"

"టమాట."

"మొన్న గూడ టమాటనే అన్నవ్."

"గదే మిగిలింది."

ఆమె నవ్వింది. వెనకాల కుట్టుమిషను ఆగిన చప్పుడు వినబడింది. అల్లుడు జమీల్ చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని. ఆమె ఇంట్లో బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది.

"ఫరహత్‌ది గురుకులం ఫారం వచ్చింది అబ్బా. ఐదో తరగతి సీటుకు. నువ్వొచ్చి రాయి. నీ చేత్తోనే రాయించాలె అంటున్నది నీ మనవరాలు."

"గక్కడ రాసెటోళ్లు లేరా? నాకు పనున్నది ఈడ. వస్త, చూద్దాం."

"ఎప్పుడు జూసినా చూద్దామనే అంటవ్," అంది అల్ఫియా. కోపంగా కాదు. ఆమెకు తండ్రి మీద కోపం రాదు. జమాల్‌ను తినేసేది అదే.

పద్నాలుగేళ్ల కింద అల్ఫియా ఇంటరు పాసై మానుకోటలో డిగ్రీ సీటు తెచ్చుకుంది. స్కాలర్‌షిప్ ఫారం జమాల్ సంచిలోనే ఉంది. అందరి ఫారాల్లా గబగబా రాస్తే ఎలా, తన బిడ్డది కదా, కొత్త పాళీ కొని తీరిగ్గా, అందంగా రాయాలనుకున్నాడు. చేద్దాం, చేద్దాం అంటూ ఆఖరి తారీకు వచ్చింది. ఆ రోజు పొద్దున్నే తండా హాస్టలు పిల్లల్ని ట్రాక్టరులో ఎక్కించుకుని ఒక పంతులు దిగాడు. ముప్పై ఎనిమిదిమంది. అందరి ఫారాలూ అదేరోజు ఇవ్వాలి. ముందు వీళ్లవి కానిద్దాం, ఇంటి పిల్లది ఎంతసేపు అనుకున్నాడు. ముప్పై ఎనిమిదోది రాసి తలెత్తేసరికి ఎదురుగా ఆఫీసు కిటికీ మూసి ఉంది. కొత్త పాళీ కాగితం పొట్లంలోనే ఉంది. మండలం మొత్తానికి ఫారాలు నింపిన మనిషి సొంత కూతురి ఫారం నింపలేదు. గడువు పెంచుతారని వారం ఎదురుచూశాడు. పెంచలేదు. "ఏం గాదు అబ్బా, నాకు మిషన్ పని ఇష్టమే" అని ఆ పిల్ల ఇదే వరండా మెట్లు దిగి, తొందర లేకుండా నడుచుకుంటూ ఇంటికి పోయింది. భూపాలపల్లి పోవడానికి జమాల్‌కు పని అడ్డం కాదు. కూతురి ఇంట్లో ఆ మిషను చప్పుడు వింటూ రెండు రోజులు కూర్చోవడం అతనికి చేతకాదు.

డబ్బా మూత పెట్టేశాడు. సగం అన్నం అలాగే ఉంది.

రెండున్నరకు గిర్దావరు దస్రు బైకు ఆపి వరండాలోకి వచ్చాడు. ముప్పై దాటిన వయసు, ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. వెనకాలే సింధూజ, దామోదర్‌ను అడిగి అరగంట తీసుకుని వచ్చింది. దస్రు పంచనామా చదివి, సంతకాల దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"నలుగురే ఉన్నరు చాచా. పంచనామాకు ఐదుగురు ఉండాలె. నేనొక్కన్ని సరే అంటే పైన వాపసు కొడ్తరు. మల్ల పొల్లకే నష్టం."

"మంచిది సార్," అంది సింధూజ. గొంతు మామూలుగానే ఉంది. "నాలుగు దొరికినయ్ గదా. గవి గూడ దొరకయనుకున్న." కాగితం కోసం చెయ్యి చాపింది.

జమాల్ కాగితం ఇవ్వలేదు. నల్లరాయి దాని మీద పెట్టాడు. కొంచెంసేపు ఎదురుగా ఆఫీసు కిటికీ వైపు చూశాడు. అది తెరిచే ఉంది.

"ఐదోది నేను పెడ్త సారూ."

చాయ్ గ్లాసులు కడుగుతున్న కొమురమ్మ చేతులు ఆగిపోయాయి. దస్రు తల గోక్కున్నాడు.

"కింద దస్తూరి నీదే ఉన్నది గదా. రాసినోడు, సాక్షి ఒక్కడే అంటే కుదరదు."

"గీ కాగితం చింపుదాం. నువ్వు రాయి, నేను చెప్త."

ముప్పై ఏళ్లలో మొదటిసారి జమాల్ తన కుర్చీలోంచి లేచి, దరఖాస్తుదారులు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. దస్రు ఆ కుర్చీలో సర్దుకుని సిరా పెన్ను పట్టుకున్నాడు. ఫోన్లలో రాసుకునే చెయ్యి అది. అక్షరాలు ఒకటి గుంటలో పడుతోంది, ఇంకొకటి గట్టెక్కుతోంది. 'నివాసం' దగ్గర సిరా చుక్క కారింది. జమాల్ ఒకసారి కళ్లు మూసుకున్నాడు. ఇంత వికారమైన కాగితం అడుగున తన పేరు ఉండబోతోందని నిజంగానే బాధపడ్డాడు.

సగంలో దస్రు పెన్ను ఆపాడు. "విచారణ అన్నంక అడగాలె గదా చాచా. ఈమె ఒక్కతే ఉంటదని నువ్వు కండ్లతోని చూసినవా, ఎవలన్నా చెప్పిండ్రా?"

జమాల్ స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు.

"రెండేండ్ల సంది చూస్తున్న సారూ. పొద్దుగాల ఏడింటికి కొమురమ్మ కాడ రెండు ఇడ్లీలు తింటది. మూడోది ఎన్నడు అడగలే. ఒక్క గొడుగున్నది, రెండు పుల్లలు ఇరిగినయ్, వానల ఆ పక్క తడుసుకుంటనే పోతది. పోయినేడు జరమొస్తే షాపుల గోలీలు ఆమెనే కొనుక్కొని, ఆమెనే ఏసుకొని, మల్ల కౌంటర్ల నిలబడ్డది. పండుగకు తండ్రి ఇంటికెల్లి గిన్నె వస్తే మూత తియ్యకుంట వాపసు పంపింది. పంపినంక ఈ అరుగు మీద కూసోని ఏడ్సింది. గది గూడ చూసిన."

సింధూజ గోడవైపు తిరిగింది. ఆ ఏడుపు ఎవరూ చూడలేదనుకుంది ఇన్నాళ్లూ. దస్రు తలొంచుకుని రాసుకుంటూ పోయాడు. ఇడ్లీల సంగతి రాయలేదు గానీ, రాసిన నాలుగు వాక్యాలూ సూటిగా ఉన్నాయి.

ముందు నలుగురూ మళ్లీ రావలసి వచ్చింది. దామోదర్ షాపు వదిలి వచ్చాడు. కైసర్ మెడలో టేపుతోనే వచ్చి, తమ్ముణ్ని కూడా లాక్కొచ్చాడు. కొమురమ్మ బొటనవేలు కొంగుకు తుడుచుకుని రెండోసారి ముద్ర వేసింది. ఐదో వరసలో జమాల్ తన పేరు రాశాడు. ఎంత నిదానంగా రాశాడంటే, కొత్తగా సంతకం నేర్చుకున్నవాడు కూడా అంతసేపు తీసుకోడు.

దస్రు అడుగున తన సంతకం చేసి లేచాడు. "నా స్కాలర్‌షిప్ ఫారం గూడ ఈడనే రాసినవ్ చాచా. హాస్టల్‌కెల్లి ట్రాక్టర్ల వచ్చినం. ఎండల నిలబడ్డమని నీళ్లు తాపిచ్చినవ్. నీకు యాదుండదు తియ్యి."

"యాదున్నది," అన్నాడు జమాల్. అంతకన్నా ఏమీ చెప్పలేదు. బాగా చదివి పైకొచ్చిన మనిషి నెత్తిన ఇంకొకరి బరువు ఎందుకు పెట్టాలి? ఇస్త్రీ చొక్కాలో రోడ్డు దాటుతున్న ఆ అబ్బాయిని చూస్తుంటే, పద్నాలుగేళ్లుగా గుండెలో గుచ్చుకుంటున్న ముల్లు కొంచెం పక్కకు జరిగినట్టనిపించింది.

నాలుగున్నరకు వెంకట్రాం పటేల్ కారు మల్గీల ముందు ఆగింది. ఊళ్లో కబురుకు కాళ్లెక్కువ. పటేల్ దిగాడు, అరవలేదు. వరండా స్తంభం మీద చెయ్యి వేసి, పెచ్చులూడిన సున్నాన్ని గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"నువ్వు గూడనా జమాల్?"

"ఉన్నదే చెప్పిన పటేలా. లేనిది చెప్పలే."

"నా బిడ్డకు నేను లేనని రాసిచ్చినవ్."

ఉన్నావు గానీ ఆమెకు అందలేదు అనాలనిపించింది జమాల్‌కు. అనలేదు.

ఇంకో పెచ్చు గీకి రాల్చి పటేల్ అడిగాడు, "ఏం సదువుతదట?"

"నర్సింగు. జనగామల."

"నర్సింగా?" పటేల్ గోరు సున్నం మీద ఆగింది. "సూది జూస్తే మంచం కిందికి దూరుతుండె. కాళ్లు వట్టి గుంజితే గాని రాకపోతుండె." ఆ ముఖంలో కోపం ఎటో పోయి, దాని స్థానంలో ఏం పెట్టుకోవాలో తెలియని తండ్రి ఒకడు కనబడ్డాడు. జమాల్ ఆ ముఖాన్ని గుర్తుపట్టాడు. అద్దంలో చాలాసార్లు చూశాడు.

"బిడ్డనే అడిగి రా పటేలా. ఆమె రాదు, నువ్వే పో," అన్నాడు మెల్లగా.

పటేల్ ముఖం మళ్లీ మూసుకుంది. "వరండాకు గ్రిల్ పెట్టిస్తున్న. రేపు పొద్దుగాల వెల్డింగోళ్లొస్తరు," అన్నాడు. కారెక్కేముందు ఒకసారి వెనక్కి తిరిగి, మందుల షాపు ఉన్న వైపు చూశాడు. కారు మాత్రం ఇంటి దారే పట్టింది.

కొమురమ్మ పటేల్ ఏడు తరాలనూ తిట్టడం మొదలుపెడితే జమాల్ వారించాడు. "ముప్పై ఏండ్లు ఊకెనే కూసున్న. ఇంకెంత కూసుంట," అన్నాడు. బల్ల, కుర్చీ, స్టూలు ఆమె కొట్టుకే ఇచ్చేశాడు. గిరాకీలు కూర్చోవడానికి పనికొస్తాయన్నాడు. మాట తేలిగ్గానే అన్నాడు గానీ, బల్లను ఆఖరిసారి తుడిచేటప్పుడు గుడ్డ ఒకేచోట నాలుగైదుసార్లు తిరిగింది.

ఐదుంపావుకు సింధూజ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఫోను, దాంట్లో పత్రం మంజూరైన మెసేజు. ఇంతసేపూ నిబ్బరంగా ఉన్న పిల్ల ఇప్పుడు ఫోను అతని ముఖం ముందు పెట్టి నిలబడింది. జమాల్ దాన్ని దూరంగా పట్టుకుని, ఆమె పేరు తప్పులేకుండా పడిందో లేదో అక్షరం అక్షరం చూశాడు. ఆదాయం గడిలో ఆమె జీతమే ఉంది.

"దరఖాస్తు రేపటిదాక ఆపకు బిడ్డా. ఇప్పుడే పెట్టు. నా ముంగటనే పెట్టు."

ఆమె అరుగు మీద కూర్చుని పెట్టింది. నంబరు వచ్చిందాకా అతను కదల్లేదు. అప్పుడు చూసింది ఆమె, వరండా ఖాళీగా ఉండటం.

"బల్ల ఏమైంది చాచా?"

"కాలు బాగు జేపిద్దామని," అన్నాడు జమాల్. "ఎన్నేండ్లాయె, ఊగవట్టి."

సింధూజ నమ్మింది. అవును, బాగు చేయించు చాచా, నేను సెలవులకు వచ్చేసరికి కొత్తగా కనబడాలె అంది. దామోదర్‌కు చెప్పాలని మళ్లీ పరుగెత్తింది. ఈసారి నడకలో తొందర ఉంది. మూల తిరిగేదాకా జమాల్ దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత ఫోను తీశాడు.

"ఫరహత్ ఫారం ఆఖరి తారీకు ఎప్పుడు అల్ఫియా?"

"ఇంక ఇరవై రోజులున్నది అబ్బా. నీకు కుదిరినప్పుడు రా."

"రేపే రాస్త. ఇప్పుడు బస్సెక్కుతున్న."

అవతల మిషను ఆగింది. తర్వాత, "టమాట గాకుంట ఏం వండాలె?" అంది.

"నీ ఇష్టం బిడ్డా. మిషన్ ఆపకు, ఎవరి యూనిఫారమో ఆగుతది," అన్నాడు జమాల్.

తొర్రూరు బస్సు వచ్చి మండలాఫీసు ముందు ఆగింది. జమాల్ తెల్లకాగితాలు, స్టాంపు ప్యాడు, నల్లరాయి ఉన్న సంచి భుజాన వేసుకుని, జేబులో పెన్ను ఉందో లేదో తడుముకుని ఎక్కాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే ఒక సంగతి గుర్తొచ్చేది. ముప్పై ఏళ్లలో ఏ సాయంత్రమూ మరచిపోనిది ఈ సాయంత్రం మరచిపోయాడు. ఊడ్చిన వరండాలో, బల్ల కుడికాలు ఉండే చోట, మూడు పెంకుముక్కలు ఒకదాని మీద ఒకటి అలాగే ఉన్నాయి.